బతికుండగా మోసే నలుగురు

డబ్బు సంపాదించకపోయినా ఫర్వాలేదు, నలుగురు మనుషుల్ని సంపాదించుకో అని మన ఊళ్లలో పెద్దవాళ్లు పిల్లలకు చెబుతుంటారు. ఆ నలుగురూ ఎందుకో విడమరచి చెప్పరు. చెప్పనక్కర్లేదు. పాడె మోయడానికి నలుగురు కావాలి.

సువార్తల్లోనూ ఒక నలుగురున్నారు. మార్కు సువార్త రెండో అధ్యాయంలో కనిపిస్తారు. కపెర్నహూములో ఒక పక్షవాత రోగిని మంచంతో సహా మోసుకొస్తారు. యేసు ఉన్న ఇల్లంతా జనం. గుమ్మంలో కాలు పెట్టే చోటు కూడా లేదు. వాళ్లు వెనక్కి తిరగలేదు. పైకెక్కి, ఇంటి కప్పు విప్పి, మంచాన్ని లోపలికి దించారు. యేసు ఎవరి విశ్వాసం చూశాడు? మంచం మీదున్నవాడిది మాత్రమే కాదు, మోసుకొచ్చినవాళ్లది కూడా. వాళ్ల పేర్లు ఎక్కడా లేవు. ఎంతమందో మాత్రం రాసి ఉంది.

పోయాక మోసేవాళ్లు ఎలాగోలా దొరుకుతారు. ఊపిరి ఉండగా, కాలూ చెయ్యీ ఆడని రోజున మోసేవాళ్లు ఎక్కడ దొరుకుతారన్నదే ఈ అధ్యాయం. మీరు చర్చికి వెళ్లేవాళ్లయితే నా జవాబు ఇది: ఆదివారం ఆరాధన ఒక్కటే నమ్ముకోకండి. వారం మధ్యలో, ఎవరో ఒకరి హాల్లో, చాపల మీద కూర్చునే పదిమందిని వెతుక్కోండి. ఇంటి కూడిక, గృహ కూడిక, కుటుంబ ప్రార్థన, సెల్ గ్రూపు, కేర్ సెల్... ఒక్కో సంఘం ఒక్కో పేరుతో పిలుస్తుంది. ఇక్కడ నేను కూడిక అంటాను.

"కొత్తగా వచ్చారా బ్రదర్?"

ఉద్యోగం కోసం హైదరాబాదు వచ్చిన కొత్తల్లో రెండేళ్లపాటు ఒక పెద్ద చర్చికి వెళ్లాను. జబ్బుపడేదాకా ఒక్క ఆదివారం మానలేదు. వెయ్యిమందికి తక్కువ ఉండేవారు కాదు. మంచి వాక్యం, మంచి పాటలు, కారు ఎక్కడ పెట్టాలో చూపించే కుర్రాళ్లు. ఎప్పుడూ ఎడమవైపు అయిదో వరసలోనే కూర్చునేవాణ్ణి.

రెండో ఏడు వర్షాకాలంలో డెంగీ వచ్చింది. ఆరు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. రోజూ పొద్దున ప్లేట్‌లెట్ల లెక్క కోసం ఎదురుచూడటమే పని. మా ఆవిడ చంటివాణ్ణి చంకనేసుకుని మందుల షాపుకీ వార్డుకీ తిరిగింది. ఆ శనివారం సాయంత్రం చర్చి నుంచి ఫోనుకు సందేశం వచ్చింది, రేపటి ఆరాధనలో మిమ్మల్ని కలుసుకోవడానికి ఎదురుచూస్తున్నామని. అందరికీ ఒకేసారి వెళ్లే సందేశమే అది. మూడు వారాల తర్వాత నీరసంగా చర్చి మెట్లెక్కుతుంటే గుమ్మం దగ్గర ఒక తమ్ముడు నిండుగా నవ్వి, చేతిలో కార్డు పెట్టి, "కొత్తగా వచ్చారా బ్రదర్?" అని అడిగాడు.

ఇంటికొచ్చేదాకా కోపం తగ్గలేదు. రాత్రి పడుకున్నాక ఇంకో సంగతి గుర్తొచ్చింది. నా ముందు వరసలో తెల్లజుట్టు పెద్దాయన ఒకరు కూర్చునేవారు. నేను జబ్బుపడక ముందే నెలరోజులుగా ఆయన కనబడటం లేదు. ఆయన పేరేమిటో నాకు తెలియదు. ఏమయ్యారని ఎవరినీ అడగనూ లేదు.

అక్కడ ఎవరూ చెడ్డవాళ్లు కారు. పదిమందిలో పాము చావదు, అంతే. వెయ్యిమంది ఉన్నచోట, ఎవరో ఒకరు చూసుకుంటారులే అని వెయ్యిమందీ అనుకుంటారు. పదిమందే కూర్చునే చోట ఒక చాప ఖాళీగా ఉంటే అందరి కళ్లూ అటే పోతాయి.

2010లో చేయూన్ లిమ్, రాబర్ట్ పుట్నం అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు అమెరికాలో ఇదే విషయాన్ని లెక్కగట్టారు. ప్రతివారం ఆరాధనకు వెళుతూ, ఆ సంఘంలోనే ముగ్గురి నుంచి అయిదుగురి దాకా దగ్గరి స్నేహితులున్నవాళ్లలో 33 శాతం మంది తమ జీవితం పట్ల అత్యంత తృప్తిగా ఉన్నామన్నారు. అంతే క్రమంగా వెళుతూ అక్కడ ఒక్క స్నేహితుడూ లేనివాళ్లలో ఆ మాట అన్నది 19 శాతమే. అమెరికా లెక్క మనకు అచ్చంగా సరిపోకపోవచ్చు. అయిదో వరసలో కూర్చున్న నా రెండేళ్లకు మాత్రం సరిగ్గా సరిపోయింది.

అప్పు తీర్చబోతే పుట్టిన కూడిక

ఇంటి కూడిక కొత్త పోకడ అనుకునేవాళ్లున్నారు. నిజానికి చర్చి భవనమే తర్వాత వచ్చింది. పౌలు పత్రికల్లో వందనాలు చెప్పే వచనాలు చూడండి. అకుల, ప్రిస్కిల్ల ఇంట ఒక సంఘం, నుంఫా ఇంట ఒక సంఘం, ఫిలేమోను ఇంట ఒక సంఘం. ఎవరో ఒకరు తమ ఇల్లు ఇచ్చారు, అక్కడే అందరూ కూడుకున్నారు.

తర్వాతి కాలంలో ఈ పద్ధతికి మళ్లీ ఊపిరి పోసింది ఒక అప్పు. 1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో జాన్ వెస్లీ అనుచరులకు ప్రార్థనా మందిరం కట్టిన అప్పు మిగిలింది. తలకొక పెన్నీ చొప్పున వారంవారం వసూలు చేద్దామని ఒకాయన సూచించాడు. పన్నెండు మంది చొప్పున గుంపులు చేసి, ఒక్కో గుంపుకు ఒక పెద్దను పెట్టారు. ఆ పెద్దలు చందా కోసం ఇంటింటికీ వెళ్లారు. తలుపు తీస్తే లోపల జబ్బులు, తగాదాలు, తాగుడు, ఆకలి కనిపించాయి. చందా కన్నా పెద్ద పని ఇక్కడుందని వెస్లీకి అర్థమైంది. ఆ పన్నెండు మందీ వారానికోసారి ఒకచోట కూర్చుని, ఎలా ఉన్నావని ఒకరినొకరు నిజంగా అడిగే కూడికలు అలా మొదలయ్యాయి. మెథడిస్టు సంఘాలకు అవే వెన్నెముక అయ్యాయి. మెదక్‌లో 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠించిన మహా దేవాలయాన్ని కట్టించిన పాస్నెట్ దొర ఆ వెస్లీ సంప్రదాయం నుంచి వచ్చినవాడే.

నాకు ఈ కథలో నచ్చింది గుమ్మం దాటడం. గుమ్మం బయట నిలబడి అడిగితే ఎవరైనా బాగున్నామనే అంటారు. లోపలికి వచ్చి కూర్చున్నాకే అసలు సంగతి చెబుతారు.

ఆరు నెలల సావాసం

ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. కాన్సాస్ విశ్వవిద్యాలయంలో పనిచేసే జెఫ్రీ హాల్ 2018లో ప్రచురించిన పరిశోధన చదివినప్పుడు నాకు ఈ సామెతే మెదిలింది. ముఖపరిచయం కాస్త స్నేహంగా మారడానికి సుమారు 50 గంటలు కలిసి గడపాలట. గట్టి స్నేహం కావడానికి సుమారు 90 గంటలు, ప్రాణ స్నేహమయ్యేందుకు 200 గంటల పైమాటేనట. కూడిక వారానికి ఒకసారి, రెండు గంటలు. 50 గంటలకు 25 వారాలు. అంటే ఆరు నెలలు. మన ముసలమ్మలు గడియారం లేకుండానే లెక్క కట్టేశారు.

ఈ లెక్కలో మీకు పనికొచ్చేవి రెండున్నాయి. ఒకటి, మూడు వారాలు వెళ్లి, ఇక్కడ నాకెవరూ దగ్గర కావడం లేదని మానేయకండి. మీరు గడిపింది ఆరు గంటలే. రెండోది, కూడిక గంటలతోనే 200 చేరాలంటే రెండేళ్లు పడుతుంది. మిగతా గంటలు కూడిక బయట దొరకాలి. ఒకే బండి మీద తిరిగి రావడంలో, కలిసి రైతుబజారుకు వెళ్లడంలో, ఒకరి పిల్లల్ని ఒకరు స్కూలు నుంచి తీసుకురావడంలో. హైదరాబాదు హెబ్రోను సంఘంలో, సువార్తికుడు భక్తసింగ్ గారి కాలం నుంచీ ఆరాధన అయ్యాక అందరూ కలిసి ప్రేమ విందు తినే అలవాటుంది. ఒకే బంతిలో కూర్చుని సాంబారు వడ్డించుకున్నవాళ్లు మర్నాడు రోడ్డు మీద ఎదురుపడితే తల తిప్పుకుని పోలేరు.

ఏ కూడికకు వెళ్లాలి?

ముందు దూరం చూడండి. ఇంటి నుంచి పదిహేను నిమిషాల్లో చేరగలిగేది మేలు. ట్రాఫిక్‌లో గంటన్నర పట్టే కూడిక ఎంత గొప్పదైనా నాలుగో వారానికి బరువవుతుంది. పైగా రాత్రి రెండింటికి ఆటో దొరకనప్పుడు ఊరికి ఆ చివరున్నవాళ్లు రాలేరు.

తర్వాత తలలు లెక్కపెట్టండి. ఎనిమిది నుంచి పన్నెండు మంది ఉంటే ప్రతి ఒక్కరికీ నోరు విప్పే సమయం దొరుకుతుంది. ఇరవై దాటితే మళ్లీ వెనక వరసలు పుడతాయి.

ఎవరు మాట్లాడుతున్నారో గమనించండి. రెండు గంటల్లో గంటా యాభై నిమిషాలు ఒక్కరే మాట్లాడితే అది ఇంట్లో జరిగే ఆదివారం ఆరాధన, కూడిక కాదు. వాక్యం చెప్పడం అవసరమే. వాక్యం విన్నాక దాన్ని మన అద్దె, మన అత్తగారు, మన ఉద్యోగం దగ్గరికి తెచ్చుకుని మాట్లాడుకునే సమయం కూడా ఉండాలి.

చివరి పరీక్ష అన్నిటికన్నా నమ్మదగింది. పోయినవారం ఎవరో ఒక ప్రార్థన మనవి చెప్పారు. ఈ వారం, అది ఏమైందని ఎవరైనా అడిగారా? నేను చేరిన కూడిక ఒక రిటైరైన టీచరమ్మ ఇంట్లో జరిగేది. ఆవిడ దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్కు ఉండేది. తేదీ, పేరు, మనవి. పక్కన ఖాళీ గడి. మరుసటివారం పాట అయిపోగానే కళ్లజోడు పెట్టుకుని, "నాయనా, మీ నాన్నగారి కంటి ఆపరేషన్ అయిందన్నావు, కట్టు విప్పారా?" అని అడిగేవారు. నా రెండేళ్ల పెద్ద చర్చి జీవితంలో మా నాన్నకు కళ్లున్నాయని కూడా ఎవరికీ తెలియదు.

మొదటి నెల

పదినిమిషాలు ముందు వెళ్లండి, పదిహేను నిమిషాలు ఆలస్యంగా బయలుదేరండి. ఆశీర్వాదం అయిపోగానే చెప్పులేసుకునేవాళ్లు ఆ రోజు అసలు కూడికను వదులుకున్నట్టే. టీ గ్లాసులు చేతిలోకి వచ్చాకే అసలు మాటలు మొదలవుతాయి.

ఏదో ఒక పని పట్టుకోండి. చాపలు పరచడం, పాటల పుస్తకాలు పంచడం, గ్లాసులు కడగడం. కొత్తచోట ఏం మాట్లాడాలో తెలియనివాళ్లకు పని పెద్ద ఆసరా. చేతులు ఆడుతుంటే నోరు దానంతటదే ఆడుతుంది. నాకు మొదటి స్నేహితుడు దొరికింది వాష్‌బేసిన్ దగ్గర. నేను కడుగుతుంటే అతను తుడిచాడు.

మగవాళ్లకు ఒక మాట. చాలా కూడికల్లో ఆడవాళ్లు లోపల ప్రార్థన చేస్తుంటే మొగుళ్లు వాళ్లను బండి మీద దించి, టీ కొట్టు దగ్గర ఫోను చూసుకుంటూ కూర్చుంటారు. మనసులో మాట చెప్పుకోవడం మగతనం కాదని మనకు చిన్నప్పటినుంచీ నేర్పారు. ఫలితంగా యాభై ఏళ్లకు మనకు సహోద్యోగులుంటారు, స్నేహితులుండరు. ముఖాముఖి కూర్చుని మాట్లాడలేకపోతే పక్కపక్కన నడుస్తూ మాట్లాడండి. క్రిస్మస్‌కు స్టార్ కట్టడం, ఎవరైనా ఇల్లు మారుతుంటే బీరువా దించడం లాంటివాటికి ముందుకు రండి. బీరువాకు కూడా నలుగురు కావాలి.

మితభాషులు భయపడనక్కర్లేదు. ప్రతివారం సాక్ష్యం చెప్పాల్సిన పనిలేదు. ఒక్కరి పేరు, ఒక్కరి సంగతి గుర్తుపెట్టుకుని మరుసటివారం అడగండి. బాగా వినేవాళ్లు ఏ కూడికలోనైనా తక్కువే. మీరు త్వరలోనే అందరికీ కావలసినవారవుతారు.

నోరు విప్పడానికి మెట్లు

మొదటిరోజే జీవితమంతా కుమ్మరించకండి. అసలు ఎప్పటికీ ఏమీ చెప్పకుండానూ ఉండకండి. మెట్లు మెట్లుగా వెళ్లండి. మొదట మోకాలి నొప్పి చెప్పండి, ఇంటర్వ్యూ సంగతి చెప్పండి. దాన్ని వాళ్లు ఎలా పట్టుకున్నారో చూడండి. గుర్తుపెట్టుకున్నారా? బయట చెప్పారా? ఆ మెట్టు గట్టిదైతే తర్వాతి మెట్టు మీద కాలు పెట్టండి. పిల్లాడి మార్కుల సంగతి, భార్యాభర్తల మాటపట్టింపులు, తీరని అప్పు, తాగుడు మానలేకపోవడం... ఇవన్నీ పై మెట్లు. వీటికి కూడిక మొత్తం కన్నా అందులో ఇద్దరో ముగ్గురో మేలు.

చెప్పేటప్పుడు మీకేం కావాలో కూడా చెప్పండి. "ఊరికే వినండి చాలు" అనవచ్చు. "ప్రార్థన చేయండి" అనవచ్చు. "ఎవరైనా నాతో రేపు బ్యాంకుకు రాగలరా?" అనీ అడగవచ్చు. ఈ మూడూ వేరువేరు. వినమని అడిగినవారికి సలహా ఇస్తే గాయం, తోడు రమ్మన్నవారికి ఉత్త ప్రార్థన చేసి పంపితే ఇంకా పెద్ద గాయం.

వినేవాళ్లకూ ఒక జాగ్రత్త కావాలి. "మా మరిదికీ ఇలాగే అయిందక్కా" అని మొదలుపెట్టకండి. ఆ క్షణం నుంచి కూడిక మీ మరిది గురించి అయిపోతుంది. అలాగే "విశ్వాసం తక్కువైంది, అందుకే" అనే మాట నోట్లోనే మింగేయండి. యోబు స్నేహితులు ఏడు రోజులు మాట్లాడకుండా పక్కన కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచిపని అదొక్కటే. నోరు తెరిచాకే పాడుచేశారు.

ప్రార్థన మనవి పుకారు కాకూడదు

మన కూడికల్లో అన్నిటికన్నా భక్తిగా కనిపించే చాడీ ఒకటుంది. "ఫలానా సిస్టర్ కుటుంబం గురించి భారంగా ప్రార్థన చేయాలండీ. వాళ్లబ్బాయి ఎవరినో..." అని గొంతు తగ్గించి మొదలవుతుంది. కళ్లు మూసుకునే లోపే కథంతా తెలిసిపోతుంది. రాత్రికల్లా రెండు వాట్సాప్ గ్రూపుల్లో ఉంటుంది.

దీనికి మూడు కట్టుబాట్లు పెట్టుకోండి. ఒకటి, ఎవరి మనవి వాళ్లే చెప్పాలి. లేనివాళ్ల గురించి చెప్పాలంటే వాళ్లనడిగి చెప్పాలి. రెండు, కూడికలో విన్నది భార్యకో భర్తకో చెప్పవచ్చా లేదా అన్నది కూడా ముందే అనుకోవాలి. మూడు, జబ్బు పేరు, ఆసుపత్రి పేరు, ఫోటో ఏదీ అడగకుండా గ్రూపులో పెట్టకూడదు. ఒక అక్కకు గర్భం నిలవలేదని ఆవిడ అత్తవారికి వాట్సాప్ ప్రార్థనాంశాల ద్వారా తెలిసిన సంగతి నాకు తెలుసు. ఆవిడ మళ్లీ ఏ కూడికలోనూ నోరు విప్పలేదు.

"బుధవారం క్యారేజీ నేను తెస్తాను"

కష్టంలో ఉన్నవారితో మనం అనే అతి మర్యాదైన, అతి పనికిరాని మాట "ఏమైనా కావాలంటే చెప్పండి." కష్టంలో ఉన్నవారికి ఏం కావాలో ఆలోచించే ఓపికే ఉండదు. ఉన్నా అడగడానికి మొహమాటం. అందుకని పని పేరు, రోజు పేరు పెట్టి చెప్పండి. "బుధవారం రాత్రి క్యారేజీ నేను తెస్తాను." "రేపు రాత్రి ఆసుపత్రిలో నేను పడుకుంటాను, మీరు ఇంటికెళ్లి నిద్రపోండి." "పరీక్షలయ్యేదాకా చిన్నదాన్ని మా ఇంట్లో ఉంచండి."

మా కూడికలో ఒక అన్నయ్యకు బైపాస్ ఆపరేషన్ అయినప్పుడు టీచరమ్మగారు అదే నోట్‌బుక్కులో ఒక పేజీకి గళ్లు గీశారు. రాత్రి కాపలా ఎవరు, రక్తం ఎవరు, పిల్లల స్కూలు ఎవరు, ఇన్సూరెన్సు కాగితాలు ఎవరు. కాగితాల పని నాకు పడింది. ప్రార్థన కూడా ఒక గడిలో రాశారు, గంటకొకరి పేరు వేసి. తొమ్మిది రోజుల్లో ఆ ఇంట్లో పొయ్యి వెలిగించాల్సిన అవసరం రాలేదు.

సాయం తీసుకోవడమూ నేర్చుకోవాలి. ఎప్పుడూ ఇచ్చేవాళ్లుగానే ఉండాలనుకోవడం ఒకరకం గర్వం. మంచం మీదున్నవాడు మోయనివ్వకపోతే ఆ నలుగురు మాత్రం ఏం చేయగలరు?

డబ్బు దగ్గర గీత

కూడికలు విరిగిపోయేది సిద్ధాంతాల మీద తక్కువ, చేబదుళ్ల మీద ఎక్కువ. అందుకని నేను గట్టిగా చెప్పే సలహా: కూడిక మనుషుల మధ్య అప్పు వద్దు. ఇవ్వగలిగితే కానుకగా ఇచ్చి మర్చిపోండి. అయిదువేలు ఇవ్వగలిగినచోట యాభైవేలు అప్పిచ్చి స్నేహాన్ని తాకట్టు పెట్టకండి. పెద్ద అవసరమైతే నలుగురూ కలిసి, తెలిసేలా, లెక్క రాసి ఇవ్వండి. చీటీలు, పాలసీలు, గొలుసుకట్టు వ్యాపారాలు గుమ్మం బయట చెప్పుల దగ్గరే వదిలి లోపలికి రావాలి. తోటి విశ్వాసిని కస్టమరుగా చూసిన రోజు నుంచి ప్రార్థన కూడా బేరంలా వినబడుతుంది.

"మీదే ఊరు? ఏ పేట?"

చెప్పుకోవడానికి ఇబ్బందైనా చెప్పాలి. పల్లెల్లో చర్చి సాధారణంగా ఒక పేటలో ఉంటుంది. ఆ పేట నుంచి పట్నం వచ్చినవాళ్లు కూడికలో కొత్తవారిని చూడగానే వందనాలు చెప్పి, వెంటనే ఊరు అడిగి, తర్వాత పేట అడుగుతారు. ఆ ప్రశ్న ఏ కులమో తెలుసుకోవడానికేనని అడిగినవారికీ తెలుసు, చెప్పినవారికీ తెలుసు. జవాబును బట్టి కుర్చీ దగ్గరకో దూరానికో జరుగుతుంది. జీతం గురించి, సొంత ఇల్లా అద్దె ఇల్లా అన్న ప్రశ్న గురించి కూడా ఇదే చెప్పవచ్చు.

మీరు కూడిక పెద్ద అయితే ఒక చిన్నపని చేయండి. కూడికను ఒకే ఇంట్లో పెట్టకుండా ఇంటింటికీ మార్చండి. మూడు పడకగదుల ఫ్లాటువాళ్లు రేకుల ఇంట్లో చాప మీద కూర్చుని, వాళ్ల గ్లాసులో టీ తాగాలి. రేకుల ఇంటివాళ్లు లిఫ్టెక్కి ఫ్లాటుకు వచ్చి సోఫాలో కూర్చోవాలి. ఎన్ని ప్రసంగాలు చెప్పినా అరగనిది ఆ టీ గ్లాసు దగ్గర కొంత అరుగుతుంది.

లేచి రావలసిన చోటు

అన్ని కూడికలూ మంచివి కావు. మందులు ఆపేయమని చెప్పినా, డాక్టరు దగ్గరికి వెళ్లడం అవిశ్వాసమన్నా, కుటుంబంతో తెగతెంపులు చేసుకోమన్నా, జీతం స్లిప్పు అడిగినా, అందరి ముందూ రహస్య పాపాలు ఒప్పుకోమని ఒత్తిడి చేసినా, పెద్దను ప్రశ్నిస్తే దేవుణ్ణి ప్రశ్నించినట్టేనన్నా, చెప్పులేసుకుని వచ్చేయండి. సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు.

మంచి కూడికకు కూడా తన హద్దు తెలియాలి. నెలల తరబడి నిద్రపట్టనివారికి, చనిపోవాలనిపిస్తోందనేవారికి ప్రార్థనతోపాటు వైద్యం కావాలి. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ ఉచిత సహాయ సంఖ్య 14416. తెలుగులోనూ మాట్లాడవచ్చు. కూడికలో ఒకరు పక్కన కూర్చుని ఆ నంబరు కలిపి ఇవ్వడం కూడా మోయడమే.

కూడికే లేకపోతే

మీ దగ్గరలో ఏదీ లేకపోతే మీరే మొదలుపెట్టండి. ఇద్దరు చాలు. ఆరు వారాలకని మొదలుపెట్టండి. "ఆరు గురువారాలు, ఏడు నుంచి ఎనిమిదిన్నర" అంటే ఎవరైనా సరేనంటారు. ఎప్పటికీ అంటే వెనక్కి తగ్గుతారు. ఒక పాట, ఒక చిన్న వాక్యభాగం, దాని మీద మాటలు, మనవులు, ప్రార్థన, టీ. టిఫిన్లు పోటీపడి చేయడం మాత్రం మొదటిరోజే ఆపండి. ఈ వారం బిర్యానీ పెట్టినవారిని చూసి, వచ్చేవారం ఉప్మా మాత్రమే పెట్టగలిగినవారు కూడికను తమ ఇంటికి పిలవరు.

కువైట్‌లో ఇళ్లలో పనిచేసే మన కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్లను చూడండి. అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి వాళ్ల ఆరాధన శుక్రవారమే. అందరికీ ఆ సెలవు కూడా దొరకదు. దొరికినవాళ్లు ఆ కొన్ని గంటల్లోనే ప్రార్థన చేసుకుని, ఊరి కబుర్లు చెప్పుకుని, జీతం రానివారికి ఏం చేయాలో మాట్లాడుకుని వెళతారు. సెలవు దొరకనివాళ్లు ఫోనులో కలుస్తారు. మనకు వారానికి రెండు గంటలు దొరకడం లేదనడానికి నోరెలా వస్తుంది?

ఈ వారం చేయవలసినవి

ఒక కాగితం తీసుకోండి. రాత్రి రెండింటికి మొహమాటం లేకుండా ఫోను చేయగలిగిన నలుగురి పేర్లు రాయండి. ఇంట్లోవాళ్లను లెక్కేయకండి. రెండో పేరు దగ్గరే కలం ఆగిపోతే బెంగపడకండి, చాలామందికి అక్కడే ఆగుతుంది.

ఆదివారం ఆరాధన అయ్యాక మీ వరసలో ఒకరి పేరు అడిగి తెలుసుకోండి. మీ వీధికి దగ్గరలో ఏ రోజు, ఎవరింట్లో కూడిక జరుగుతుందో పాస్టరుగారినో పాస్టరమ్మగారినో అడగండి. వెళ్లండి. గ్లాసులు కడగండి. 25 వారాలు లెక్కపెట్టండి.

టీచరమ్మగారు ఇప్పుడు లేరు. పోయిన ఏడాది వెళ్లిపోయారు. పాడె ఎత్తేటప్పుడు నలుగురికి ముందుకు రమ్మంటే మా కూడికలోని మగవాళ్లమంతా ఒక్కసారే అడుగేశాం. మోయడానికి నాకు కుడివైపు ముందు కర్ర దొరికింది. ఆవిడ పెద్దగా బరువు లేరు. నిజానికి అంతకు ముందు పదేళ్లుగా మమ్మల్ని మోసిందే ఆవిడ. కళ్లజోడు పెట్టుకుని, నోట్‌బుక్కు తెరిచి, ఒక్కో పేరూ చదువుతూ.

ఆ నోట్‌బుక్కు ఇప్పుడు మా ఇంట్లో ఉంది. గురువారం సాయంత్రం ఏడింటికి తెరుస్తాం. మీరు రాసిన కాగితాన్ని కూడా ఒకసారి తిప్పండి. వెనకవైపు ఇంకో నాలుగు పేర్లు రాయండి, ఎవరి మంచానికి మీరు ఒక మూల పట్టుకోగలరో వాళ్లవి. ఆ వైపు నింపడానికి ఆరు నెలలు ఆగనక్కర్లేదు.